కుంచం ఎవరి చేతిలో ఉంది?

(డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న హాస్టల్ విద్యార్థినీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ తర్వాత ఏం చదవాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను ఒక్క చదువు గురించే మాట్లాడతాను. ఎమ్మెస్సీ లెక్కలు, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. ఎందుకంటే ఇందాక బయట టీ తాగుతుంటే ఒక తమ్ముడు అన్నాడు: "అన్నా, లెక్కలు మనకి రావు. అది వాళ్ళ చదువు." ఆ తమ్ముడికి బీఎస్సీ లెక్కల్లో ఫస్ట్ క్లాసు మార్కులున్నాయి. అయినా ఆ మాట అన్నాడు. అది అతని మాట కాదు. ఎవరో అతని నోట్లో పెట్టిన మాట. ఎవరు పెట్టారు, ఎట్లా పెట్టారు అనేదే ఇవాళ మన విషయం.

ముందు మా అమ్మ సంగతి చెప్తాను.

మా ఊళ్ళో కోతలకీ నూర్పిళ్ళకీ కూలి గింజల్లో ఇచ్చేవాళ్ళు. కామందు కల్లంలో కుంచంతో కొలిచి ఒళ్ళో పోసేవాడు. మా వైపు కుంచం అంటే నాలుగు మానికలు. మా అమ్మకి అక్షరం రాదు. ఇంటికొచ్చి ఆ గింజల్ని మా మానికతో మళ్ళీ కొలిచేది. ఒకరోజు సోలెడు తక్కువ. మర్నాడు సోలెడు తక్కువ. ఇంకోరోజు తవ్వెడు తక్కువ. వారం రోజులు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టింది. ఎనిమిదో రోజు కల్లంలో అడిగింది. కామందు నవ్వి, "కొలతన్నాక ఎచ్చుతగ్గులుంటాయి. గింజ గింజా లెక్కపెడతామా?" అన్నాడు. "తగ్గులే ఉన్నాయి బాబూ, ఎచ్చు ఒక్కనాడన్నా లేదే" అంది మా అమ్మ. మర్నాటి నించి ఆమెని పనికి పిలవలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఎమ్మెస్సీ క్లాసులో లెక్చరర్ బోర్డు మీద రెండు మాటలు రాశాడు. ఒకటి ర్యాండమ్ ఎర్రర్, రెండోది బయాస్. మొదటిది పొరపాటు. అది ఒకసారి ఎక్కువ వైపు పడుతుంది, ఒకసారి తక్కువ వైపు పడుతుంది. చాలాసార్లు కొలిచి సగటు తీస్తే చాలావరకు కొట్టుకుపోతుంది. రెండోది పక్షపాతం. అది ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. వెయ్యిసార్లు కొలిచినా పోదు. అందరూ నోటుబుక్కుల్లో రాసుకుంటున్నారు. నాకేమో మా ఇంటి గోడ మీది బొగ్గు గీతలు కనపడ్డాయి. అక్షరం రాని మా అమ్మ కామందుని అడిగిన ప్రశ్న ఇదే గదా!

లెక్కలు మనకి రావంటారు. కామందుకి వచ్చిన లెక్క కంటే మా అమ్మకి వచ్చిన లెక్కే పెద్దది. కాకపోతే ఆమె చేతిలో కుంచం లేదు, డిగ్రీ లేదు.

ఇక నా చదువు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఎమ్మెస్సీలో మొదటి రోజే "లెట్ ఎప్సిలాన్ బి గ్రేటర్ దేన్ జీరో" అని మొదలైంది. మొదటి వారంలోనే ఒక సారు, "ర్యాంకు మీద వచ్చావా, రిజర్వేషన్ మీద వచ్చావా?" అని క్లాసులో నిలబెట్టి అడిగాడు. కొందరు నవ్వారు. ఆ నవ్వు ఎప్సిలాన్ కంటే కష్టం. రియల్ అనాలిసిస్ పేపరు ఒకసారి తప్పాను. ఆ సెలవుల్లో హాస్టల్లో నలుగురం కూచుని ప్రతి సిద్ధాంతాన్నీ మన తెలుగులో ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకున్నాం. అప్పుడు తెలిసింది, నాకు అడ్డం వచ్చింది లెక్క కాదు, భాష. రెండోసారి పాసయ్యాను.

తర్వాత ఇంకో సంగతి గమనించాం. థియరీ పేపరు మీద పేరుండదు, నంబరుంటుంది. వైవాలో మొహం ఉంటుంది, ఇంటిపేరు ఉంటుంది, "మీ నాన్న ఏం చేస్తాడు" అనే ప్రశ్న ఉంటుంది. మేం ఒక కాగితం మీద రెండు వరసలు రాశాం. ఒక వరసలో థియరీ మార్కులు, పక్కన వైవా, ఇంటర్నల్ మార్కులు. మనవాళ్ళకి థియరీలో ఎక్కువ వచ్చినా సరే, వైవాలో తగ్గుతున్నాయి. ఎచ్చు ఒక్కటి లేదు. ఆ కాగితం పట్టుకుని పెద్దసారు దగ్గరకు పోయాం. "వైవాలో ఎచ్చుతగ్గులు సహజం" అన్నాడాయన. కామందు మాటే! మేం కొద్దిమందిమే కాబట్టి అది గట్టి రుజువు కాదని నాకూ తెలుసు. అందుకే ఆ కాగితం ఒక్క హాస్టల్‌తో ఆగకూడదంటున్నా.

ఇట్లాంటిది పెద్దఎత్తున చేసినవాళ్ళున్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్వెల్ అనే ఇద్దరు పరిశోధకుల అధ్యయనం 2007లో అచ్చయింది. పేపర్లలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు సమానం, తేడా పేర్లలోనే. ఒకటి అగ్రకుల హిందువు పేరు, ఒకటి దళితుడి పేరు, ఒకటి ముస్లిం పేరు. అగ్రకుల పేరుకి పిలుపు వచ్చే ఆడ్స్ ఒకటి అనుకుంటే దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33. రూపాయికి అరవై ఏడు పైసలు, ముప్ఫై మూడు పైసలు అన్నమాట. మెరిట్, మెరిట్ అని 1990లో మండల్‌కి వ్యతిరేకంగా రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపిన వాళ్ళకి ఇంతకంటే జవాబేముంది? ఈ జవాబు కోపంతో రాలేదు. ప్రయోగాన్ని ఎట్లా అమర్చాలో, ఆడ్స్ ఎట్లా కట్టాలో తెలిసినవాళ్ళ వల్ల వచ్చింది. డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ అని ఎమ్మెస్సీలో ఒక పేపరుంటుంది. దాని పని ఇదే.

మరి స్టాటిస్టిక్స్ పుట్టుకతోనే మన పక్షమా? కాదు. రిగ్రెషన్, కోరిలేషన్ మనకిచ్చిన గాల్టన్ 1869లోనే ప్రతిభ వంశంలో వస్తుందని పుస్తకం రాశాడు. 1883లో 'యూజెనిక్స్' అనే మాట పుట్టించాడు. అంటే మంచి పుట్టుకవాళ్ళని పెంచాలి, తక్కువ పుట్టుకవాళ్ళని తగ్గించాలి అనే వాదం. కై-స్క్వేర్ టెస్ట్ ఇచ్చిన కార్ల్ పియర్సన్ 1911లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో యూజెనిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు. వాళ్ళిద్దరి పేర్లనీ ఆ కాలేజీ 2020లో తన భవనాల మీద నించి తీసేసింది. మన దేశంలో రిస్లీ అనే తెల్ల అధికారి కులాల వారీగా ముక్కులు కొలిచాడు. 1901 జనాభా లెక్కలకి పెద్దగా కూచుని, ఎవరు పైన, ఎవరు కింద అని వరస పెట్టించాడు.

మల్టీవేరియట్ అనాలిసిస్ పేపర్లో మహలనోబిస్ డి-స్క్వేర్ వస్తుంది. రెండు గుంపుల మధ్య దూరం కొలిచే సూత్రం. మాకు సిగ్మా ఇన్వర్స్ కట్టడం నేర్పారు గానీ అది ఎక్కడ వాడారో చెప్పలేదు. 1941లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో కులాల, తెగల తలలూ ముక్కులూ కొలిచిన అంకెల్ని ఆ సూత్రంతోనే విశ్లేషించారు. మహలనోబిస్, మజుందార్, సి.ఆర్. రావు కలిసి 1949లో అచ్చేశారు. సూత్రం చెడ్డదని నేననను. మహలనోబిస్ రిస్లీ కాడు. కానీ మన ఒంటిని కొలిచి కట్టిన లెక్క మన ముందే బోర్డు మీద ఉంటే, అది మన గురించేనని మనకి తెలియకపోవడం ఏం చదువు?

ఇక్కడే బాబాసాహెబ్‌ని గుర్తుచేసుకోవాలి. 1948లో అంటరానివాళ్ళ మీద రాసిన పుస్తకంలో ఆయన ఆ ముక్కు కొలతల పట్టికల్నే ముందు పెట్టుకున్నారు. ప్రాంతాల వారీగా బ్రాహ్మణుల కొలతనీ అంటరానివాళ్ళ కొలతనీ పక్కపక్కన పెట్టి, ఇద్దరిదీ ఒకే జాతి అని తేల్చారు. మనల్ని తక్కువ చెయ్యడానికి తెచ్చిన కొలబద్దతోనే ఆ మాటని తిప్పికొట్టారు. 1932లో లోథియన్ కమిటీ ముందు అగ్రకుల నాయకులు, మా రాష్ట్రంలో అంటరానివాళ్ళు కొద్దిమందే, అసలు లేరు అని వాదిస్తుంటే, కమిటీ సభ్యుడిగా ఉన్న ఆయన విడిగా నోటు రాసి పోరాడారు. తల లెక్క తగ్గితే సీటు తగ్గుతుందని ఆయనకి తెలుసు.

ఆ పోట్లాట ఇప్పటికీ అయిపోలేదు. అన్ని కులాల లెక్కా అచ్చయిన చివరి జనగణన 1931ది. 1951 నించి ఎస్సీ, ఎస్టీలనే లెక్కపెట్టారు. 2011లో ఎస్సీలం 20 కోట్ల 14 లక్షలు, నూటికి 16.6. బీహార్ 2023లో కులసర్వే అంకెలు బయటపెట్టింది. తెలంగాణ 2024లో సర్వే చేసింది, ఎస్సీలు 17.43 శాతం అని తేలింది. వచ్చే జనగణనలో కులం లెక్కపెడతామని కేంద్రం 2025లో ప్రకటించింది. మన మధ్య ముప్ఫై ఏళ్ళు నడిచిన వర్గీకరణ వాదన కూడా ఎవరి జనాభా ఎంత, ఎవరి ఉద్యోగాలెంత అనే లెక్కే గదా! ఆ పట్టికలు వేసే గదుల్లో మనవాళ్ళు ఉండాలా వద్దా? ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివితే యూపీఎస్సీ జరిపే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు. కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.స్టాట్‌కి ప్రవేశ పరీక్ష ఉంది. ఈ దారులున్నాయని హాస్టళ్ళలో మనకి చెప్పేవాళ్ళే లేరు.

స్టాటిస్టిక్స్ సరే, వట్టి లెక్కలెందుకు అంటారేమో. లెక్కల్లో 'పెద్దలు చెప్పారు, శాస్త్రంలో ఉంది' అంటే చెల్లదు. రుజువు కావాలి. ఎవడు చెప్పాడనేది అక్కడ అక్కర్లేదు. ఒక్క కౌంటర్ ఎగ్జాంపుల్ చూపిస్తే ఎంత పెద్ద మాటైనా కూలిపోతుంది. 'వాళ్ళకెవరికీ లెక్కలు రావు' అనే మాటని కూల్చడానికి మీలో ఒక్కరు చాలు. అయితే మనకి ఒక్కరు చాలరు. ఒక్కడిని చూపించి మిగతా సీట్లు ఖాళీ పెట్టే ఆట మనం చాలా చూశాం.

అందుకని మూడు పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి, ప్రతి హాస్టల్లో లెక్కల గుంపు పెట్టుకోండి. ఇంగ్లీషు సిద్ధాంతాన్ని తెలుగులో నోటితో చెప్పగలిగినప్పుడే మీకు వచ్చినట్టు. రెండు, 2005 సమాచార హక్కు చట్టం కింద మీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కలు, స్టాటిస్టిక్స్ ఎస్సీ, ఎస్టీ సీట్లు ఎన్ని, ఎన్ని నిండాయి, ఎన్ని మిగిలాయి అని దరఖాస్తు పెట్టండి. మూడు, థియరీ ఒక వరస, వైవా ఒక వరస రాయండి. ఎచ్చులున్నా రాయండి, దాచొద్దు. మన లెక్కలో పక్షపాతం ఉంటే అది మన కుంచం కూడా అబద్ధపు కుంచమే అవుతుంది.

వచ్చే సమావేశానికి ఆ కాగితాలు పట్టుకు రండి. అన్ని హాస్టళ్ళవీ కలిపి కడదాం.

టీ కొట్టు దగ్గర మాట్లాడిన తమ్ముడా, మొదటి కాగితం నీ దగ్గర నించే తీసుకుంటాను.

జై భీమ్.