లారీ ముందు టైర్లు తెలుపు లోపములు



పంట చేతికి వచ్చినది మొదలు మన ఊళ్లలో లారీకి విశ్రాంతి లేదు. ధాన్యము, మిరప, ప్రత్తి, అన్నియు దానిమీదనే మార్కెట్టుకు చేరవలెను. అప్పు చేసి లారీ కొన్న యజమానికి టైర్ల ఖర్చు పెద్ద భారము. ముందు టైరు ఒకప్రక్క అరిగినంతనే కొందరు క్రొత్తది బిగించి ఊరకుందురు. కొలది కాలమునకే అదియు అట్లే అరుగును. టైరు మారినది గాని లోపము మారలేదు. కావున టైరు మార్చుటకు ముందు కారణము వెదకుడని మేము కోరుచున్నాము.

అరిగిన తీరే కారణమును చాలవరకు తెలుపును. రెండంచులును అరిగి నడిమిభాగము నిలిచినచో గాలి తక్కువైనదనియు, నడుమ మాత్రమే అరిగినచో గాలి ఎక్కువైనదనియు గ్రహింపవలెను. బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడవలెను. రెండు ముందు టైర్లకును వెలుపలి అంచులే అరిగినచో, చక్రములు ముందువైపున మితిమీరి దగ్గరైనవి. లోపలి అంచులే అరిగినచో ఎడమైనవి. అరచేతితో అడ్డముగా నిమిరినప్పుడు ఒకవైపు నున్నగాను, తిరిగి నిమిరినప్పుడు రంపపు పండ్లవలెను తగిలినను ఇదియే కారణము. గుంటలు గుంటలుగా అరిగినచో షాక్ అబ్సార్బర్లను, బేరింగులను, చక్రపు బ్యాలెన్సును పరీక్షింపవలెను.

తరువాత వెనుక చక్రములకు అడ్డుపెట్టి, ముందు యాక్సిలును జాకీతో లేపి, క్రింద గట్టి దిమ్మెలు ఉంచవలెను. చక్రమును పైనను క్రిందను పట్టి ఊపినప్పుడు వదులు కనబడినచో, మరియొకరిని బ్రేకు త్రొక్కుమనుడు. అప్పుడు వదులు పోయినచో లోపము బేరింగులో ఉన్నది. పోనిచో కింగ్ పిన్నులోనో, దాని బుష్షులలోనో ఉన్నది. ప్రక్కలను పట్టి ఊపినప్పుడు మాత్రమే కదిలినచో టై రాడ్డు చివరలను చూడవలెను.

కమాను పట్టీ విరిగినదా, యు-బోల్టులు వదులైనవా, నడిమి బోల్టు తెగి యాక్సిలు ఒకవైపు వెనుకకు జరిగినదా యనియు గమనింపుడు. ముందు యాక్సిలు నుండి వెనుక యాక్సిలునకు రెండుప్రక్కల దూరము సమముగా ఉండవలెను. ఈ లోపములు సవరింపక అలైన్‌మెంటు చేయించుట వ్యర్థము. సవరించిన పిమ్మట చేయించి, కింగ్ పిన్నులకు వేళతప్పక గ్రీజు పట్టించవలెను.

ఇది డబ్బుకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. బరువుతో పోవునప్పుడు ముందు టైరు పగిలినచో బండి డ్రైవరు అదుపులో నిలుచుట కష్టము. లారీలోనివారి ప్రాణములును, ఎదురుగా వచ్చువారి ప్రాణములును ఆ టైరుపైననే ఆధారపడియున్నవి. ప్రయాణమునకు ముందు ఒక్క క్షణము వంగి చూచుట మనకు అలవాటు కావలెను.