తలసీమియా: ఒక్క అక్షరం మారితే ఏమవుతుంది?

(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



బిడ్డకు రక్తం ఎక్కించడానికి మీలో కొందరు పలమనేరు నుంచి, కొందరు పీలేరు, పుత్తూరు, సత్యవేడు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వస్తుంటారు. తలసీమియా ఉన్న బిడ్డ తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "మేమిద్దరం బాగానే ఉన్నాము కదా, బిడ్డకెందుకు వచ్చింది? ఎవరి వల్ల వచ్చింది?" దీనికి సమాధానం తెలియక చాలా ఇళ్లలో నింద తల్లి మీద పడుతుంది. అందుకే ఈ రోజు ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం.

కణంలో జరిగే పని

మన రక్తం ఎర్రగా ఉండడానికి కారణం హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకుపోయేది ఇదే. పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు రకాల గొలుసులు ఉంటాయి. వీటిని ఎలా తయారు చేయాలో రాసి ఉన్న పాఠమే జన్యువు.

మన పొలం అసలు దస్తావేజు పెట్టెలో భద్రంగా ఉంటుంది. పనికి నకలు తీసుకుపోతాం. కణం కూడా అంతే. అసలు జన్యువును కదిలించకుండా దానికి ఒక నకలు తీస్తుంది. ఆ నకలు పేరు ఆర్‌ఎన్‌ఏ. బీటా గొలుసు నకలులో సుమారు 1,600 అక్షరాలు ఉంటాయి. కాని అవన్నీ పనికొచ్చేవి కావు. మధ్యలో రెండు చోట్ల అక్కరలేని భాగాలు ఉంటాయి. కణం ఆ రెండింటినీ కత్తిరించి తీసేసి, మిగిలిన మూడు ముక్కలను వరుసగా అతికిస్తుంది. సుమారు 1,600లో చివరికి నిలిచేవి 620 పైచిలుకు అక్షరాలే. ఇలా కత్తిరించి అతకడాన్ని స్ప్లైసింగ్ అంటారు. జన్యువుల్లో ఇలా ముక్కలుంటాయని 1977లో కనుగొన్న ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ అనే శాస్త్రవేత్తలకు 1993లో నోబెల్ బహుమతి లభించింది.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. నకలులో ఇలా ఉందనుకోండి:

"పాపకు రేపు కకకటటట రక్తం ఎక్కించాలి."

మధ్యలో ఉన్న "కకకటటట" తీసేస్తే "పాపకు రేపు రక్తం ఎక్కించాలి" అని చక్కగా అర్థమవుతుంది.

గురుతు చెదిరితే

ఎక్కడ కత్తిరించాలో కణానికి ఎలా తెలుస్తుంది? అక్కరలేని భాగం మొదట్లో, చివర్లో కొన్ని గురుతు అక్షరాలు ఉంటాయి. మన దేశంలో బీటా తలసీమియాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఈ గురుతు చెదరడమే. మొదటి అక్కరలేని భాగంలో అయిదో అక్షరం "జి" ఉండాలి. దాని బదులు "సి" ఉంటుంది. ఒక్క అక్షరమే తేడా!

అప్పుడు కణం చాలాసార్లు తప్పుచోట కత్తిరిస్తుంది. కొన్నిసార్లు ముందే కోసేస్తుంది. మన వాక్యం "పాపకు రక్తం ఎక్కించాలి" అయిపోతుంది. ఎప్పుడో తెలియదు. కొన్నిసార్లు ఆలస్యంగా కోస్తుంది. అప్పుడు "పాపకు రేపు కక రక్తం ఎక్కించాలి" అని చెత్త మిగిలిపోతుంది. పైగా కణం ఈ అక్షరాలను మూడేసి చొప్పున చదువుతుంది కాబట్టి లెక్క తప్పితే ఆ తరువాతి పాఠమంతా మారిపోతుంది. ఎప్పుడైనా సరిగా కత్తిరించిన కొద్ది నకళ్లతో కొంచెం బీటా గొలుసు తయారవుతుంది కాని అది చాలదు. జత లేక మిగిలిన ఆల్ఫా గొలుసులు ఎముక మజ్జలో ఎర్రకణాలను పాడుచేస్తాయి. అందుకే బిడ్డ పాలిపోతుంది, పొట్టలో ప్లీహం పెరుగుతుంది.

పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డకు ఆరు నెలల తరువాత ఎందుకు ఇలా అవుతుంది? కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ వేరు. దానికి బీటా గొలుసు అక్కరలేదు. అది తగ్గాక జబ్బు బయటపడుతుంది. కనుక దిష్టి తగలడం వల్లనో, తల్లి ఏదో తినడం వల్లనో ఇది రాలేదు.

ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక్క ప్రతి చెడితే రెండోది పని నడిపిస్తుంది. అలాంటివారిని వాహకులు అంటారు. వారికి రక్తం కొంచెం తక్కువగా ఉండవచ్చు, అంతే. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదని అనుకోవద్దు. లెక్క ప్రతిసారీ మళ్లీ మొదలవుతుంది.

మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. ఒక తల్లి వాహకురాలైతే ఆమె తోడబుట్టిన తమ్ముడు కూడా వాహకుడయ్యే అవకాశం సగం. ఆమె కూతురు వాహకురాలయ్యే అవకాశమూ సగమే. ఆ మేనమామకే ఆ పిల్లను ఇస్తే ఏమవుతుందో ఆలోచించండి. సంబంధం మంచిదే కావచ్చు. ముహూర్తం పెట్టుకునే ముందు రక్తపరీక్ష చేయించండి. ఇద్దరిలో ఒకరు వాహకులు కాకపోతే ఈ జబ్బు గురించి భయం లేదు.

మీరు చేయవలసినవి

1. బిడ్డ తోడబుట్టినవారికి, మేనమామలకు, పిన్నమ్మలకు, చిన్నాన్నలకు, మేనత్తలకు, వారి పిల్లలకు పరీక్ష చేయించండి. ముందు మామూలు రక్తపరీక్ష, తరువాత హెచ్‌పీఎల్‌సీ. సాధారణంగా అందులో హిమోగ్లోబిన్ ఎ2 నూటికి 3.5 దాటితే వాహకులని తెలుస్తుంది.

2. మళ్లీ గర్భం రాకముందే భార్యాభర్తలిద్దరి జన్యువులో ఏ మార్పు ఉందో పరీక్షలో తెలుసుకోండి. అందరికీ ఒకే మార్పు ఉండదు. అది తెలిస్తే దాదాపు 11, 12 వారాల గర్భంలోనే బిడ్డ సంగతి పరీక్షించవచ్చు. గర్భం వస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చెప్పండి.

3. వాహకులు ఊరికే ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగనక్కరలేదు. అలాగని గర్భిణులు తమంతట తాము మానేయకూడదు. శరీరంలో ఇనుము ఎంత ఉందో పరీక్షించి డాక్టరు చెబుతారు.

4. రక్తం ఎక్కించే రోజు తప్పించవద్దు. ఎక్కించే ముందు కూడా హిమోగ్లోబిన్ సుమారు 9 గ్రాములకు తగ్గకుండా ఉంటే బిడ్డ ఎదుగుతుంది, ఆడుకుంటుంది.

5. ఒక్కో బాటిల్ రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. అది గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇనుమును బయటికి పంపే మందు ఒక్కరోజు కూడా మానవద్దు.

6. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో తలసీమియా కూడా ఉంది. ధ్రువపత్రం గురించి అడిగి తెలుసుకోండి.

కొత్త చికిత్సల మాట

సరిపోయే దాత దొరికితే ఎముక మజ్జ మార్పిడితో జబ్బు పూర్తిగా నయం కావచ్చు. మనకు దగ్గరలోని రాయవేలూరు సీఎంసీలో ఇది 1986 నుంచి జరుగుతోంది. చిన్న వయసులో, ఇనుము పేరుకోకముందు చేస్తే ఫలితం మెరుగు. స్ప్లైసింగ్‌ను సరిచేసే మందు కూడా వేరే జబ్బుకు వచ్చింది. వెన్నుపాము నరాలు క్షీణించే ఎస్‌ఎంఏ జబ్బుకు 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినెర్సెన్ అలా పనిచేసేదే. తలసీమియాకు అలాంటి మందు ఇంకా వాడకంలోకి రాలేదు. కనుక ఎవరైనా పసరు ఇచ్చి, "ఇక రక్తం అక్కరలేదు" అంటే నమ్మి బిడ్డ ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

అమ్మలారా, ఆ ఒక్క అక్షరం మీరు రాసింది కాదు, మీ భర్త రాసిందీ కాదు. తరతరాలుగా తెలియకుండా చేతులు మారుతూ వచ్చింది. ఇప్పుడు మీకు తెలిసింది. ఇంటికి వెళ్లాక ఈ పుస్తకాన్ని మీ అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు చదివి వినిపించండి. వచ్చేసారి రక్తానికి వచ్చేటప్పుడు వారిలో ఒకరినైనా పరీక్షకు వెంటబెట్టుకొని రండి.