వేలంపాటయందు భూమి కొనువారు సర్కారు బాకీ విచారించుకొనవలసిన విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)



గ్రంథాలయమున భారత భాగవతములకున్న పాఠకులు చట్టపు పుస్తకములకు లేరు. అందు వింత లేదు. కాని సంసారి కష్టార్జితము ఒక్క పూటలో చేయిజారుటకు కారణము పద్యము తెలియకపోవుట కాదు. ప్రకటన కాగితమున నాలుగు పంక్తులు చదువకపోవుట. అందుచేత ఈ శుభసమయమున ఒక వ్యవహార విషయము విన్నవించుట అనుచితము కాదు.

కరణీకములు 1984లో రద్దగుటకు పూర్వపు ముచ్చట ఇది. ఒక రైతు కుమార్తె పెండ్లికై కూడబెట్టిన సొమ్ముతో కోర్టు వేలమున రెండెకరముల మాగాణి పాడెను. ఊరి ధరకంటె చాల చౌకగా వచ్చినదని బంధువులు మెచ్చుకొనిరి. అతడు అజాగ్రత్తపరుడు కాడు. రిజిస్ట్రారు కచేరీలో ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీయించి, తనఖా ఏదియు లేదని చూచుకొనియే పాడెను. భూమి స్వాధీనమైనది, దుక్కి పూర్తియైనది. అప్పుడు తాఖీదు వచ్చినది. పూర్వపు కమతదారు ఎన్నియో ఫసలీల శిస్తును, నీటితీరువాను చెల్లింపకయే యుండెను. తాను దున్నని సాలునకు, తాను కోయని పంటకు ఆ రైతు బాకీ కట్టవలసివచ్చెను. భార్య మెడలోని నానుతాడు తాకట్టునకు పోయెను. పెండ్లి మరుసటి ఏటికి వాయిదా పడెను. ఆ బాకీ వ్రాసియున్న చిట్టా అదే వీధిలో కరణము ఇంటనే యుండెను. రైతు అడుగలేదు. అడుగలేదు గదాయని కరణము చెప్పలేదు. అడుగనివానిది అమాయకత్వము, తెలిసియు చెప్పనివాని తప్పునకు వేరొక పేరు వెదుకవలెను.

ఇట్లేల జరిగినది? ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు రిజిస్టరైన దస్తావేజులను మాత్రమే చూపును. శిస్తుబాకీని ఎవ్వరును రిజిస్టరు చేయరు గనుక అది ఆ పత్రమున కనబడదు. కాని భూమిమీద అది ఉండనే యుండును. 1864వ సంవత్సరపు రెవిన్యూ రికవరీ చట్టము రెండవ సెక్షను ప్రకారము భూమియు, దానిపై కట్టడములును, దాని ఫలసాయమును ఆ భూమిపై విధింపబడిన సర్కారు శిస్తునకు హామీగా నుండును. మనిషి మారినను మన్ను మారదు గదా! బాకీ మన్నును అంటిపెట్టుకొని యుండును.

ఇది ఆంగ్లేయుల నాడు పుట్టిన తలపు కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము తృతీయాధికరణమున భూవిక్రయ విధానము చెప్పబడినది. పొలమును అమ్మదలచినవాడు చుట్టుప్రక్కల గ్రామవృద్ధుల సమక్షమున, హద్దులు చెప్పి, వెల చెప్పి, కొనువారెవ్వరని ముమ్మారు చాటింపవలెను. పోటీవలన వెల పెరిగినచో ఆ పెరుగుదల సుంకముతోకూడ రాజకోశమునకు చేరును. పన్ను చెల్లించువారు పన్ను చెల్లించువారికే భూమిని విక్రయింపవలెనని కూడ అచ్చట నియమ మున్నది. రెండువేల యేండ్లనాడే భూమి అమ్మకము, బహిరంగపు పాట, రాజునకు రావలసిన సొమ్ము, ఈ మూడును ఒకే చోట ఆలోచింపబడినవి.

వేలములన్నియు ఒక్క తీరువి కావు. పాటకు పోవువాడు మొదట తెలిసికొనవలసినది ఇదియే. శిస్తుబాకీకై రెవిన్యూ అధికారులే 1864 చట్టముక్రింద భూమిని అమ్మించినచో, నలుబది రెండవ సెక్షను ప్రకారము కొనువానికి భూమి ఋణభారములనుండి విముక్తమై వచ్చును. ప్రైవేటు అప్పుకై సివిలు కోర్టు అమ్మించినచో, కొనువానికి వచ్చునది ప్రతివాదికి ఆ భూమిలో ఎంత హక్కున్నదో అంతయే. పూర్వపు సర్కారు బాకీ తొలగదు. చేతుల మారకమునందు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ఏబదియైదవ సెక్షను అమ్మకమునాటివరకు గల సర్కారు పన్నులు అమ్మువాడే చెల్లింపవలెనని చెప్పుచున్నది. కోర్టు వేలమున అట్లు మాట ఇచ్చి నిలుచు అమ్మకందారుడు లేడు. హక్కునకు కోర్టు పూచీపడదు.

అయితే కోర్టు కొనువానిని చీకటిలో నుంచునా? ఉంచదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ఇరువదియొకటవ ఆర్డరు అరువదియారవ రూలు ప్రకారము వేలపు ప్రకటనలో ఆస్తి వివరము, దానిపై గల భారములు, ఆస్తి విలువను నిర్ణయించుకొనుటకు కొనువానికి అవసరమని కోర్టు తలచిన ఇతర సంగతులు చూపవలెను. దండోరా విని పోవుట చాలదు. ప్రకటన నకలు తెప్పించుకొని చదువవలెను. ప్రకటనలో లేనంతమాత్రమున బాకీయే లేదని తలపరాదు. కాగితము వ్రాసినవానికి తెలిసినంతయే అందుండును.

ఇక విచారింపవలసిన తావులు. మొదటిది తహసీల్దారు కచేరీ. సర్వే నంబరు, ఖాతా నంబరు వ్రాసి యిచ్చి, ఆ ఖాతాపై శిస్తు, నీటితీరువా, ఇతర సర్కారు బాకీ ఎంత యున్నదో వ్రాతమూలకముగా అడుగవలెను. నోటిమాట మరుసటి దినమునకు మిగులదు. అడంగలు లేక పహాణీ, ఒకటి-బి నకళ్లు చూచి ఖాతాదారుని పేరు, విస్తీర్ణము ప్రకటనతో సరిపోల్చవలెను. పాత రసీదులలో ఫసలీ సంఖ్యలు కానవచ్చును. ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30న ముగియును. ఆ సంఖ్యకు 590 కలిపినచో ఫసలీ ప్రారంభమైన క్రీస్తు సంవత్సరము వచ్చును. 1390 ఫసలీ యనగా 1980 జూలై మొదలు 1981 జూన్ వరకు. కడపటి రసీదొక్కటి చూచి తృప్తిపడరాదు. నడుమ ఒక ఫసలీ తప్పినను ఆ బాకీ నిలిచియుండును.

రెండవది పంచాయతీ లేక పురపాలక కచేరీ. ఇల్లున్నచో ఇంటిపన్ను, కుళాయిపన్ను విచారింపవలెను. మూడవది విద్యుత్తు కచేరీ. బ్యాంకులు 2002 నాటి చట్టముక్రింద జరుపు వేలములలో ఆస్తి ఉన్నది ఉన్నట్లుగా అమ్మబడునని ప్రకటనలో వ్రాయుట పరిపాటి. ఆ రెండు మాటలలో కొనువాని భారమంతయు ఇమిడియున్నది.

న్యాయస్థానము కొనువానిని కాపాడిన సందర్భములు లేకపోలేదు. అహమ్మదాబాదు పురపాలక సంఘపు వ్యాజ్యమున 1971లో సుప్రీముకోర్టు, బాకీ సంగతి తెలియక వేలమున కొనినవానిపై పురపాలక పన్నుల భారము ఆ వ్యాజ్యములో చెల్లదని తీర్పు చెప్పినది. కాని 2023లో అదే న్యాయస్థానము విద్యుత్తు బాకీల విషయమున, ఉన్నది ఉన్నట్లుగా కొనినవాడు పూర్వపు బాకీకి బాధ్యుడు కావచ్చునని చెప్పినది. చట్టము, ప్రకటన, ఎరుక, ఈ మూడింటినిబట్టి ఫలితము మారును. సుప్రీముకోర్టు వరకు పోయి గెలుచుటకంటె తహసీల్దారు కచేరీకి పోయి అడుగుట చౌక.

ఈ విచారణయంతయు పాటకు ముందే జరుగవలెను. తరువాత వ్యవధి లేదు. కోర్టు వేలమున పాట కొట్టివేసినవెంటనే నాలుగవవంతు సొమ్ము కట్టవలెను. మిగిలినది పదునైదు దినములలో చెల్లింపవలెను. ఈ నియమములు తప్పనిసరియని, తప్పినచో అమ్మకమే నిలువదని సుప్రీముకోర్టు 1954లోనే నిర్ణయించినది. గడువు తప్పినవాని బయానా సొమ్ము జప్తుకు లోబడును.

బాకీ యున్నదని తెలిసినచో పాటకు పోరాదని కాదు. అది తెలిసినవానికే లాభము. భూమి విలువ 10,00,000 రూపాయలనియు, బాకీ 40,000 రూపాయలనియు అనుకొందురుగాక. వివేకి 9,60,000 రూపాయలకు మించి పాడడు. బాకీ తెలియనివాడు పదిలక్షలకు పాడి, నలుబదివేలు మరల కట్టును. ఇద్దరి చేతికి వచ్చినది ఒకే భూమి.

వేలపు చావడిలో పౌరుషము పెరుగును. ప్రక్కవాడు వేయి హెచ్చించినచో తాను రెండువేలు హెచ్చించును. అచ్చట పాడినదే పాట. పాట కొట్టివేసినపిమ్మట వెనుకకు తీసికొనుట లేదు. ఎంతవరకు పాడవలెనో ఇంటివద్దనే చీటిపై వ్రాసికొని పోవుట మేలు.

గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఊరివారికి చదువు నేర్పుచున్నది. వేలపు ప్రకటన వచ్చినప్పుడు చదువరానివానికి దానిని చదివి చెప్పువా డొక్కడు ఈ వసారాలో సాయంకాలమున కూర్చున్నచో, ఏ యింటనో ఒక నానుతాడు తాకట్టు తప్పును, ఒక పెండ్లి ముహూర్తమునకు జరుగును. రజతోత్సవమునకు అంతకంటె తగిన కానుక లేదు.