సగం వేగంలో ఒక ఆవర్తనం

1954లో సంగీత కళానిధి బిరుదందుకున్న చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై, లయకు పెట్టింది పేరైన కాంచీపురం నాయనా పిళ్లై శిష్యులు. అలాంటి లయ సంప్రదాయంలో తాళం కదలకుండా, ఒకే పల్లవిని ఒకటో కాలంలో, రెండో కాలంలో పాడటం మన విద్వాంసులకు కొత్త కాదు. గొంతు వేగం మారుతుంది, శ్రుతి మారదు.

లూపర్ యంత్రంలో అలా కాదు. వేదిక మీదే వయొలిన్‌పై ఆదితాళంలో ఒక ఆవర్తనం వాయించి రికార్డు చేసి, దాన్ని సగం వేగంతో తిప్పితే అది రెండు ఆవర్తనాలకు సాగుతుంది, స్వరం కూడా ఒక స్థాయి కిందికి దిగుతుంది. వయొలిన్ మంద్రంగా, బరువుగా పలుకుతుంది. గమకం విప్పారి వినిపించడం నాకెంతో ఇష్టం. అమెరికా గిటారిస్టు లెస్ పాల్ 1948లోనే దీన్ని తిరగేసి, సగం వేగంతో నడిచే డిస్కు మీద వాయించి, మామూలు వేగంతో వినిపించి, చేతికందని మెరుపు రాబట్టాడు.

వేగం ఒకటిన్నర రెట్లు చేస్తే ఇంకా విచిత్రం. రెండు ఆవర్తనాల్లో లూపు మూడుసార్లు తిరుగుతుంది. షడ్జమం పంచమమవుతుంది, గాంధారం నిషాదమవుతుంది. అంటే మోహన రాగం వాయిస్తే, అందులో లేని నిషాదం వచ్చి చేరుతుంది! రాగం నిలవాలంటే సగం వేగం, రెట్టింపు వేగం క్షేమం.

తిరుపతి సంగీత కళాశాలలో చదువుతున్న పిల్లలారా, మీరూ ప్రయత్నించండి. తంబూరాను మాత్రం లూపులో కలపకండి. వేగం మారిస్తే దాని శ్రుతీ మారిపోతుంది.