టీకా మీకొఱకే యుంచబడినది



ఇన్‌ఫ్లుయెంజా యనగా సామాన్యమైన పడిశమని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. 1918వ సంవత్సరమున వ్యాపించిన యీ జ్వరము మన దేశమున కోటిమందికి పైగా బలిగొన్నది. నేడును వృద్ధులకు, గర్భిణులకు, మధుమేహము, హృద్రోగము, ఉబ్బసము గలవారికి ఇది ప్రాణాపాయకరము కావచ్చును. దీనిని కలిగించు సూక్ష్మజీవి తఱచుగా రూపు మార్చుకొనును. కావున టీకాను ఏటేట వేయించుకొనవలెను.

టీకా దొరకుచోట సైతము జనులేల వేయించుకొనరు? అందఱకును అపనమ్మకమే కారణము కాదు. మఱపును, ‘రేపు చూతము’ అను వాయిదాయును పలువురను వెనుకకు లాగును. ఈ మఱపునకు చేతిలోని ఫోను మందు కాగలదా యని 2020వ సంవత్సరమున అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందిన పెన్ మెడిసిన్, గైసింగర్ అను రెండు వైద్యసంస్థలలో పరీక్షించిరి. వైద్యుని చూడబోవు 47,306 మంది రోగులలో కొందఱకు మామూలు సమాచారము తప్ప వేఱేమియు పంపక, తక్కినవారికి 19 విధములైన సందేశములను ముందుగా ఫోనుకు పంపిరి.

2021లో ఫలితములు వెలువడెను. టీకా వేయించుకొన్నవారు సందేశములవలన సగటున నూటికి 5 వంతులు హెచ్చిరి. మిగుల ఫలించిన సందేశమేది? చనువుగా పలుకరించినదియు, వింతగా తోచినదియు గాదు. ‘టీకా మీకొఱకే యుంచబడినది’ అని రెండుమార్లు మర్యాదగా జ్ఞప్తి చేసినది. దానివలన 11 వంతుల వృద్ధి కలిగెను. అనగా, అది అందనివారిలో నూర్గురు వేయించుకొన్నచో, అందినవారిలో అంతే జనసంఖ్యకు 111 మంది వేయించుకొనిరన్నమాట.

ఈ మాటలో గద్దింపు లేదు, బెదరింపు లేదు. తన్నొకరు తలంచి, తన వంతు తీసియుంచిరను నమ్మకము మాత్రమే కలదు. అయితే ఆ మాట నిజమై యుండవలెను. మన దేశమున పెద్దవారు పెక్కుచోట్ల ఈ టీకాను స్వంత ధనముతో కొనవలసియున్నది. తీసియుంచని టీకాను ‘ఉంచితి’ మనుట రోగిని వంచించుటయే. ఒకమాఱు వంచితుడైన రోగి రెండవ సందేశమును నమ్మునా?

కావున వైద్యశాలలవారు మొదట టీకాను సమకూర్చి, పిమ్మట సందేశమును పంపుదురుగాక! అదియు తేటతెనుగున నుండవలెను. చదువరానివారికి మాటగా వినిపింపవలెను. యువకులారా! మీ యింటి పెద్దల ఫోనుకు వచ్చిన సందేశమును చదివి వినిపించి, వారిని వైద్యునికడకు తోడ్కొనిపొండు. ఫోను జ్ఞప్తి చేయగలదు. చేయిపట్టి నడిపింపవలసినవారు మీరే యని విన్నవించుచు విరమించుచున్నాను.