కొలిచాకే మార్చాలి: పళ్ల చక్రం, సెన్సార్ పని
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మరమ్మతు షెడ్డు సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



షెడ్డు జమాఖర్చులు కోశాధికారిగారు ఇప్పటికే చదివారు. మేం ఈ ఏడాది చేసిన ఒక్క పని గురించే చెప్తాం. అది రిపేరు అప్పులకు సంబంధించింది కాబట్టి అన్ని సంఘాలకూ పనికొస్తుంది.

మన సభ్యురాలి కూరగాయల వ్యాన్ ఒకటి మా దగ్గరికొచ్చింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గానీ స్టార్టు కాదు. ఎప్పుడైనా అయినా, కాస్త దూరం పోయి ఆగిపోతుంది. పట్నంలో చూపిస్తే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె, మార్చాలన్నారట. అందుకు ఆమె మళ్లీ అప్పు తీసుకోవాలి. బండి ఆగితే బేరం ఆగుతుంది, కిస్తీ మాత్రం ఆగదు గదా!

ఆ పెట్టెకు పిస్టన్ ఎక్కడుందో కనపడదు. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం, దాని పక్కనుండే సెన్సార్ కలిసి ఆ కబురు అందిస్తాయి. చాలా బండ్లలో ఆ చక్రానికి 60 పళ్ల చోటు ఉంటుంది, పళ్లు మాత్రం 58. రెండింటిని కావాలనే వదిలేస్తారు. జపమాలలో మేరుపూస తగిలితే ఒక చుట్టు అయిందని తెలిసినట్టు, ఆ ఖాళీ రాగానే కంప్యూటర్ లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్కో పన్నుకు 6 డిగ్రీలు. ఇంజన్ నిమిషానికి 600 చుట్లు తిరిగితే, సెకనుకు 580 పళ్లు సెన్సార్ ముందు నుంచి పోతాయి. ఆ లెక్క అందకపోతే పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వెయ్యాలో దానికి తెలియదు.

అందుకే పెట్టె జోలికి పోకుండా ముందు సెన్సార్ చూశాం. అది రెండు తీగలది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట ఉంటాయి. మల్టీమీటర్‌తో కొలిస్తే రెసిస్టెన్స్ మాన్యువల్‌లోని అంకెకు సరిపోయింది. మూడు తీగల హాల్ సెన్సార్‌ను ఇట్లా కొలవకూడదు. దానికి కరెంటు అందుతుందా, సిగ్నల్ వస్తుందా అని చూడాలి.

తర్వాత బ్యాటరీ తీగ విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ పళ్లకూ సెన్సార్‌కూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలిచాం. ఒకవైపు సుమారు 1 మిల్లీమీటరు, అవతలివైపు దానికి రెట్టింపు. చక్రం వంగింది, రెండు పళ్లు నొక్కుకుపోయాయి. ఈ రకం సెన్సార్‌లో ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు సిగ్నల్ అసలే తక్కువ, సందు పెరిగితే ఇంకా తగ్గుతుంది. స్టార్టు కాకపోవడానికి కారణం అదే.

కొత్త చక్రం బిగించేటప్పుడు మేం పాటించినవి ఇవి. కూర్చునే చోట మురికి, ఇనుప రజను లేకుండా తుడవాలి. పిన్ను దాని గాడిలోనే కూర్చోవాలి, లేకపోతే టైమింగ్ మొత్తం తప్పుతుంది. సుత్తితో కొట్టకూడదు. బోల్టును టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. కొన్ని బండ్లకు పాత బోల్టు మళ్లీ వాడకూడదు. చుట్టూ సందు మళ్లీ కొలవాలి. సెన్సార్ తీగలు తారుమారు కాకుండా, బెల్టుకూ స్పార్క్ తీగలకూ దూరంగా కట్టాలి. చివర టైమింగ్ లైట్‌తో సరిచూడాలి.

బండి స్టార్టయింది, సంతకు పోతోంది. ఈసీయూ పాతదే. ఆమెకు కొత్త అప్పు అవసరం పడలేదు.

లెక్క పుస్తకం చూడకుండా మనం సంఘంలో అప్పు తీర్మానం రాయం. బండికీ అదే పద్ధతి కావాలి. సభ ముందు మేం మూడు కోరికలు పెడుతున్నాం. రిపేరు అప్పు అడిగిన సభ్యురాలి దగ్గర, ఏం కొలిచారో రాసిన కాగితం గ్రామ సంఘం తీసుకోవాలి. మార్చిన పాత సామాను బండి యజమానికే ఇప్పించాలి. మా షెడ్డుకు ఒక స్కానర్ కొనడానికి సమాఖ్య అప్పు మంజూరు చెయ్యాలి. దాని కిస్తీలు షెడ్డు ఆదాయం నుంచే కడతాం.

ఆడవాళ్లు ఇంజన్ విప్పుతారా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల బండ్లు కూడా తీసుకురమ్మనండి. కొలిచి, కాగితం రాసిస్తాం.