నాకు తోచింది రాస్తాను

ఈ పూట మీకొక పుస్తకం సంగతి చెబుతాను. పేరు 'ఐ రైట్ వాట్ ఐ లైక్'. మన మాటలో, నాకు తోచింది రాస్తాను అని. రాసినవారు దక్షిణాఫ్రికాకు చెందిన స్టీవ్ బికో. 1978లో పుస్తకం వచ్చేనాటికి ఆయన లేరు. 1977 సెప్టెంబరు 12న, ముప్పై ఏళ్ల వయసులో, పోలీసు నిర్బంధంలో తలకు తగిలిన దెబ్బలతో కన్నుమూశారు.

డర్బన్‌లో వైద్యవిద్యార్థిగా ఉండగా, 1969లో, నల్లజాతి విద్యార్థులు వేరుగా పెట్టుకున్న 'సాసో' సంఘానికి ఆయన మొదటి అధ్యక్షులయ్యారు. సంఘం పత్రికలో ఫ్రాంక్ టాక్ అన్న మారుపేరుతో రాసిన వ్యాసాల శీర్షికే పుస్తకానికి పేరయింది. 1973లో ప్రభుత్వం ఆయన మీద నిషేధం పెట్టింది. కింగ్ విలియమ్స్ టౌన్ దాటరాదు. ఒకేసారి ఒకరికి మించి మాట్లాడరాదు. రాసింది అచ్చు కారాదు. ఆయన మాటను వేరొకరు ప్రచురించినా నేరమే. శీర్షిక పేరు మనసులో పెట్టుకుని ఈ ఆంక్షలు మరొకసారి తలచుకోండి.

ఈ వ్యాసాల్లో బికో మాట్లాడేది ముఖ్యంగా తనవాళ్లతో. తాము తక్కువవాళ్లమని తామే ఎలా నమ్మారు? సాయానికి వచ్చిన తెల్ల ఉదారవాదులకు కూడా, మా తరఫున మీరు మాట్లాడవద్దనే చెబుతారు. బడిలో ఆఫ్రికా పిల్లవాడు తన వారసత్వాన్నే అసహ్యించుకోవడం నేర్చుకుంటాడని ఒకచోట బాధపడతారు. నేను కన్నడ బడిలో పాఠాలు చెప్పే తెలుగువాణ్ణి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు, బడి గుమ్మంలో అమ్మ తెలుగులో పిలిస్తే కన్నడంలో పలుకుతాడు. రెండూ ఒకటని అనను. కానీ ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

లోటు లేకపోలేదు. స్త్రీల ఊసు దాదాపు వినపడదు.

పుస్తకం దొరికితే ముందు 1976 నాటి కోర్టు సాక్ష్యం చదవండి. సాసో నాయకుల మీద నడిచిన కేసు అది. బహిరంగంగా నోరు విప్పే వీలులేని మనిషికి బోనులో రోజుల తరబడి మాట్లాడే అవకాశం దొరికింది. మీరు గోధుమరంగువారే కదా, నల్లవారమని ఎందుకంటారని న్యాయమూర్తి అడిగారు. తెల్లవారూ తెలుపుకన్నా గులాబీరంగుకే దగ్గర కదా అన్న అర్థంలో బికో బదులిచ్చారు. ఆయన లెక్కలో నలుపు ఒంటిరంగు కాదు, చట్టం అణచిపెట్టిన వారందరి పేరు. అందులో అక్కడి భారతీయులూ ఉన్నారు. 1860 నుంచి మద్రాసులో ఓడెక్కి నేటాల్ చెరకుతోటలకు కూలికి వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. బికో మాటలు వాళ్ల మనవలకు కూడా చెప్పినవే.